సన్నం వేరు, తేలిక వేరు

(చెన్నై మైలాపూరులో ఒక ఆదివారం సాయంత్రం తెలుగువాళ్లు కూడుకున్నప్పుడు, రిచీ స్ట్రీట్‌లో సెల్‌ఫోన్లు బాగుచేసే ఒకాయన మాట్లాడిన మాటలు. రికార్డు విని రాసినవి.)

పెద్దలందరికీ నమస్కారం. నాకు మైకు అలవాటు లేదండీ. చేతిలో ఎప్పుడూ ఉండేది స్క్రూడ్రైవరే. ఇది కూడా అట్లాగే పట్టుకున్నాను, ఏమీ అనుకోకండి. (నవ్వులు)

మాది గూడూరు. 2003లో సెంట్రల్‌లో రైలు దిగి, సంచి భుజాన వేసుకుని నడుచుకుంటా రిచీ స్ట్రీట్‌కి పోయాను. మా చిన్నాన్న స్నేహితుడికి అక్కడ కొట్టు ఉండేది. అప్పట్నుంచీ అదే వీధి. కొట్టు మారింది, స్టూలు మారింది, నేను మాత్రం అక్కడే ఉన్నాను.

నన్ను పిలిచిన మాస్టారు అడిగింది ఒకటే. “ఈ మధ్య కంపెనీలన్నీ మాది సన్నం అంటే మాది సన్నం అంటున్నాయి కదా, సన్నగా, తేలిగ్గా ఉండే ఫోను నిజంగా మంచిదేనా?” అని. చూడండి, ఆ ప్రశ్నలోనే ఒక చిక్కుంది. సన్నంగా, తేలిగ్గా అని రెండు మాటలూ కలిపి అనేస్తాం. ఆ రెంటినీ విడదీసి మాట్లాడాలనే వచ్చాను.

అందుకే ఈ సామాను తెచ్చాను. ఇది వెర్నియర్, మందం కొలిచేది. ఇది కాటా, మా వీధి చివర వెండి కొట్టాయన్ని అడిగి తెచ్చా, ఎనిమిదిలోపు తిరిగి ఇచ్చేయాలి. ఇక్కడ ఎవరి దగ్గరైనా కొత్త సన్న ఫోను ఉందా? అదిగో, నీలం చొక్కా అబ్బాయి. ఇటు రా నాయనా. భయపడకు, విప్పనులే. (నవ్వులు)

ముందు పౌచ్ తీసేయ్. అంచు దగ్గర కొలుస్తున్నా. 5.9 మిల్లీమీటర్లు. కంపెనీ చెప్పిన అంకెకి దగ్గరగానే ఉంది, అబద్ధమేమీ చెప్పలేదు వాళ్లు. ఇప్పుడు కెమెరా బుడిపె మీద పెడతా. 10.4. చూశారా? ప్రకటనలో రాసేది మొదటి అంకె. జేబులో పట్టాల్సింది రెండోది. ఇప్పుడు కాటా మీద. 164 గ్రాములు. బాగుంది, నిజంగానే తేలిక. సరే, పౌచ్ వేసి ఇవ్వు. మళ్లీ అంచు దగ్గర, 9.3. కాటా మీద 204.

ఎంతకి కొన్నావు? లక్ష పైనా? వద్దులే, మీ నాన్నగారు వెనక కూర్చున్నట్టున్నారు. (నవ్వులు)

నేను రోజూ కౌంటరు దగ్గర చూసేది ఇదే. కొత్త ఫోను కొన్నవాళ్లు డబ్బా కూడా పారేయకుండా నేరుగా మా వీధికొస్తారు. పౌచ్ కావాలి, టెంపర్డ్ గ్లాసు కావాలి. సన్నగా ఉందని కొంటారు, కొన్న గంటకే భయమేసి దాన్ని లావు చేయించుకుంటారు. ఈ వ్యాపారంలో నాకు లాభమే, కాదనను. కానీ ఆ 3 మిల్లీమీటర్లు తగ్గించడానికి ఎంతమంది ఇంజనీర్లు ఎన్నాళ్లు తలలు పట్టుకున్నారో అని ఒక్కోసారి జాలేస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికొస్తా. నేను రిచీ స్ట్రీట్‌కి వచ్చిన ఏడాదే నోకియా 1100 వచ్చింది. టార్చిలైటు ఫోను, మీ అందరి ఇళ్లలో ఉండే ఉంటుంది. దాని మందం 20 మిల్లీమీటర్లు. ఇప్పటి సన్న ఫోన్లు మూడు ఒకదానిమీద ఒకటి పేర్చినా దాని ఎత్తుకి రావు. బరువెంతో తెలుసా? 86 గ్రాములు. ఈ అబ్బాయి ఫోనులో సగం! లావుగా ఉంది, తేలిగ్గా ఉంది. మందానికీ బరువుకీ ముడి లేదని చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

అది పాతకాలం సంగతి, దానికంత స్క్రీన్ ఎక్కడిదంటారా? సరే, కొత్తది చెప్తా. ఐఫోన్ 14 ప్రో 7.85 మిల్లీమీటర్లు, 206 గ్రాములు. మరుసటి ఏడాది, 2023లో 15 ప్రో వచ్చింది. అది 8.25 మిల్లీమీటర్లు. అంటే లావయింది. బరువు మాత్రం 187 గ్రాములకి దిగింది. ఎట్లా? చుట్టూ ఉండే ఫ్రేము స్టీలు తీసేసి టైటానియం పెట్టారు. ఆ రెండు ఫోన్లూ చేతికిచ్చి ఏది బాగుందంటే లావుదాన్నే పట్టుకుంటారు జనం. మా కొట్టులో నేనే ఇచ్చి చూశాను, ఏది లావుదో కూడా వాళ్లకి తెలీదు.

ఒక ఘన సెంటీమీటరు, అంటే చిన్న పంచదార బిళ్లంత ముక్క అనుకోండి. స్టీలయితే సుమారు 8 గ్రాములు. టైటానియం నాలుగున్నర. అల్యూమినియం 2.7. గాజు రెండున్నర. ప్లాస్టిక్ 1.2, అంతే. ఇప్పుడు మనం ఫోనుకి ముందు గాజు, వెనక గాజు పెట్టించుకున్నాం. వెనక గాజు ఎందుకండీ? వైర్‌లెస్ ఛార్జింగ్‌కి లోహం అడ్డొస్తుందంటారు, నిజమే. కానీ ప్లాస్టిక్ అడ్డురాదు కదా. గాజు పెట్టేది మెరుపు కోసం. అది పగిలితే నా దగ్గరికొస్తారు. నేను వద్దనను.

మా అత్తగారికి డెబ్బై దాటింది. అమెరికా నుంచి మా మరదలు మంచి ఫోను పంపింది, అన్నిట్లోకీ పెద్దది. ఆవిడ రోజూ రాత్రి గంటసేపు వీడియో కాల్. ఫోనుని ఎట్లా పట్టుకుంటుందంటే, ఇట్లా, కింద చిటికెన వేలు ఆనించి. మీరూ అంతే పట్టుకుంటారు, ఒకసారి చూసుకోండి. నెల తిరక్కుండా మణికట్టు నొప్పి. నూనెలు రాసింది, కట్టు కట్టుకుంది. ఒకరోజు మంచంమీద వెల్లకిలా పడుకుని మాట్లాడుతుంటే అది జారి ముక్కుమీద పడింది. అప్పుడు నాకు ఫోన్ చేసింది. “అబ్బయ్యా, ఈ ఇనప ముద్ద నువ్వే తీసుకుపో” అని. (నవ్వులు) తూచి చూస్తే పౌచ్‌తో 270. దాని బదులు వెనక ప్లాస్టిక్ ఉన్న మామూలు ఫోను ఇచ్చాను. అది ఒక మిల్లీమీటరు లావు. పౌచ్ అక్కర్లేదు, కిందపడినా పగలడానికి వెనక గాజు లేదు. 185 గ్రాములు. అమెరికా కూతురికి కాస్త కోపం వచ్చింది కానీ మణికట్టు నొప్పి తగ్గింది.

అందుకని తేలికకి నా ఓటు ఎప్పుడూ ఉంది. చెయ్యి మోసేది బరువునే. మందం సంగతి కొనేరోజు కౌంటరు దగ్గర తెలుస్తుంది, ఆ తర్వాత ఎవరికీ గుర్తుండదు. నేను కాస్త ముతకగా చెబుతున్నానేమో, సన్న ఫోను చేతిలో పెట్టుకుంటే ఒక ముచ్చట ఉంటుంది, అది నాక్కూడా తెలుసు. ఆ ముచ్చటకి మనం ఏం చెల్లిస్తున్నామో చూద్దాం.

ఇక్కడ అమ్మలున్నారు కాబట్టి బొబ్బట్టు లెక్క చెబుతా. బొబ్బట్టుకి పైన పిండి పొర, కింద పిండి పొర, నడుమ పూర్ణం. పొరలు ఎంత పలచన చేసినా ఒక హద్దు ఉంటుంది, అది దాటితే చిరుగుతుంది. అందుకని బొబ్బట్టు సన్నగా కావాలంటే తగ్గేది పూర్ణమే. ఫోను కూడా అంతే. ముందు గాజు, డిస్‌ప్లే, నడుమ రేకు, వెనక మూత, ఇవన్నీ కలిపి సుమారు 3 మిల్లీమీటర్లు ఎట్లాగూ పోతాయి. 8 మిల్లీమీటర్ల ఫోనులో బ్యాటరీకి 5 మిగుల్తుంది. 6 మిల్లీమీటర్ల ఫోనులో 3 మిగుల్తుంది. పైకి చూస్తే పావు వంతు సన్నబడింది. లోపల పూర్ణం సగానికి దగ్గరగా పోయింది. 2025లో వచ్చిన ఐఫోన్ ఎయిర్ 5.6 మిల్లీమీటర్లు, బ్యాటరీ 3149 ఎంఏహెచ్, అంటే ఎంత ఛార్జి పడుతుందో చెప్పే కొలత. శామ్‌సంగ్ ఎస్25 ఎడ్జ్ 5.8, బ్యాటరీ 3900. పదిహేను వేల ఫోన్లలో ఇప్పుడు 5000 మామూలైపోయింది. వెనక కెమెరా కూడా ఎయిర్‌లో ఒక్కటే. కెమెరా లెన్సుకి లోతు కావాలి. ఆ లోతు దొరకలేదు కాబట్టే పైన ఆ బుడిపె. ఈ పిచ్చి కొత్తదేమీ కాదు. 2014లోనే వివో ఎక్స్5 మ్యాక్స్ అని 4.75 మిల్లీమీటర్ల ఫోను తెచ్చారు. ఇప్పటి ఎయిర్‌కంటే సన్నం! బ్యాటరీ 2000. తర్వాత ఆ దారిన పోయినవాళ్లు తక్కువ, పదేళ్లు మళ్లీ ఫోన్లు చాలావరకు లావెక్కాయి. ఇప్పుడు మళ్లీ మొదలైంది.

వంగడం సంగతి. 2014లోనే ఐఫోన్ 6 ప్లస్ ప్యాంటు జేబులో వంగుతోందని లోకమంతా గోల చేసింది, గుర్తుందా? మా అబ్బాయి మెకానికల్ చదువుతున్నాడు, వాడు చెప్పాడు. రేకు మందం సగం చేస్తే గట్టిదనం సగం కాదట, ఎనిమిదో వంతట. మందాన్ని మూడుసార్లు హెచ్చవేయాలట. అట్లా చూస్తే 8 మిల్లీమీటర్లని 5.6 చేస్తే మిగిలేది మూడో వంతు గట్టిదనం. అందుకే సన్నవాటికి టైటానియం ఫ్రేము పెడుతున్నారు, దానివల్ల అవి గట్టిగానే ఉన్నాయి. ధర కూడా గట్టిగానే ఉంది.

వేడి సంగతి చెన్నైవాళ్లకి నేను చెప్పాలా? పలచని గిన్నెలో పాలు పెడితే అడుగంటుతాయి, దళసరి గిన్నెలో నిదానంగా కాగుతాయి. మే నెలలో మన డెలివరీ కుర్రాళ్లని చూడండి, బండి హ్యాండిల్‌కి ఫోను బిగించి, పైన ఎండ, మ్యాపు నడుస్తుంటుంది, ఛార్జింగ్ కూడా పెట్టి ఉంటుంది. ఐఫోన్లని 35 డిగ్రీల లోపు వాడమని ఆ కంపెనీయే చెప్తుంది. మనకి కత్తిరి ఎండల్లో పొద్దున పదింటికే అది దాటిపోతుంది. ఒంట్లో కండ లేని ఫోను తొందరగా వేడెక్కి, స్క్రీను మసకచేసుకుని, నత్తలాగా నడుస్తుంది.

ఇక నా సొంత గోడు. (నవ్వులు) ఇది కాస్త ఎక్కువసేపు చెప్పుకుంటాను, ఓర్చుకోండి.

మూడేళ్ల కిందట ఐటీ ఆఫీసులుండే ఓఎంఆర్ రోడ్డులో పనిచేసే ఒక అమ్మాయి ఫోను తెచ్చింది. కంపెనీ పేరెందుకులెండి. సన్న ఫోను. బ్యాటరీ ఉబ్బి, డిస్‌ప్లే ఒక పక్కన లేచింది, గోరు దూరేంత సందు. “అన్నా, పొద్దున్నుంచి రెండు రబ్బరు బ్యాండ్లు వేసి వాడుతున్నా, ఆఫీసు ఓటీపీలన్నీ దీనికే వస్తాయి” అంది. ముందు ఆ రబ్బరు బ్యాండ్లు తీయించాను. ఉబ్బినదాన్ని నొక్కి ఉంచకూడదమ్మా అని చెప్పాను.

ఇప్పుడు చూడండి కష్టం. డిస్‌ప్లే గమ్‌తో అతికించి ఉంటుంది. గమ్ వదలాలంటే వేడి చూపించాలి. ఉబ్బిన బ్యాటరీకి వేడి చూపించకూడదు. ఏం చేయాలి? సిరంజితో ఐపీఏ, అంటే గమ్‌ని వదిలించే ఆల్కహాలు, చుక్కలు చుక్కలుగా అంచుల్లో వేసి, పలచని రేకు దూర్చి, ఒక్కో అంగుళం వదిలించుకుంటా పోవాలి. పక్కన ఇసుక బక్కెట్టు. నలభై నిమిషాలు పట్టింది, చెమటలు. చివరి మూల దగ్గర రేకు ఒక వెంట్రుక లోపలికి పోయింది. డిస్‌ప్లేని లోపలి బోర్డుకి కలిపే స్ట్రిప్ తెగింది. లావు ఫోనులో ఆ స్ట్రిప్‌కీ అంచుకీ కాస్త ఖాళీ ఉంటుంది, దీనిలో ఖాళీ అనేదే లేదు, ఒకదానిమీద ఒకటి పేర్చేశారు. స్క్రీను మీద పచ్చగీత. ఆ అమ్మాయి ఎదురుగా కూర్చుని ఉంది. నా ముఖం చూసి అర్థం చేసుకుంది.

అంతటితో అయిపోలేదు. బ్యాటరీ కింద లాగే పట్టీలుంటాయి, లాగితే సాగి గమ్ వదుల్తుంది. రెండింట్లో ఒకటి తెగింది. ఇక పాత ఏటీఎం కార్డు తోసి లేపాలి. బ్యాటరీ వంగకూడదు, చిరగకూడదు. అప్పుడొక వాసన వచ్చింది, తియ్యగా, నెయిల్ పాలిష్‌లాగా. ఆ వాసన తగిలితే మా వీధిలో ఎవరైనా సరే చేస్తున్న పని వదిలేసి రెండడుగులు వెనక్కి వేస్తారు. ఏమీ కాలేదు, ఇసుకలో పడేశాను. బ్యాటరీకి 1800 తీసుకున్నాను, డిస్‌ప్లేకి 9000 నా జేబులోంచి పెట్టాను. ఆ అమ్మాయి ఇప్పటికీ నా దగ్గరికే వస్తుంది, దానికి సంతోషం. ఆ రాత్రి ఇంట్లో మాత్రం లెక్క చెప్పలేదు.

ఇదే పని నోకియా 1100కి ఎట్లా ఉండేది? గోటితో మూత నొక్కి లాగితే బ్యాటరీ ఊడి చేతిలో పడేది. వర్షంలో తడిస్తే వాళ్లే విప్పి ఎండలో ఆరబెట్టుకునేవాళ్లు, నా దాకా వచ్చేవాళ్లే కారు.

ఒక పోలిక చెబుతా, ఇది మీరు పేపర్లలో చదివిందే. 2007 ఆగస్టులో నోకియావాళ్లు ఒక హెచ్చరిక ఇచ్చారు. బీఎల్-5సీ బ్యాటరీల్లో మత్సుషితా కంపెనీ చేసినవి కొన్ని ఛార్జింగ్‌లో వేడెక్కుతున్నాయి, మార్చిస్తాం అని. ఎన్నో తెలుసా? 4 కోట్ల 60 లక్షలు. ఆ వారం రిచీ స్ట్రీట్‌లో తిరునాళ్లే అనుకోండి. ఒక్కొక్కరూ మూత తీసి, బ్యాటరీ పట్టుకుని, “ఇదేనా చూడు” అని. నంబరు చూసుకోవడం, కాకపోతే మళ్లీ పెట్టుకుని ఇంటికి పోవడం. ఫోను చెయ్యి దాటి పోలేదు ఎవరికీ.

తొమ్మిదేళ్ల తర్వాత, 2016లో శామ్‌సంగ్ నోట్ 7 ఫోన్లు అంటుకున్నాయి. 25 లక్షల ఫోన్లు వెనక్కి పిలిచారు. బ్యాటరీలు కాదు, ఫోన్లు. ఎందుకంటే బ్యాటరీ వేరుగా రాదు. మార్చి ఇచ్చినవి కూడా అంటుకున్నాయి, అక్టోబరులో ఆ ఫోను తయారీయే ఆపేశారు. తర్వాత ఏడాది జనవరిలో కారణం వాళ్లే చెప్పారు. రెండు చోట్ల చేయించిన బ్యాటరీల్లో రెండు రకాల తప్పులు. మొదటిదానిలో పై మూల దగ్గర చోటు చాలక లోపలి పొర వంగి నొక్కుకుపోయింది. చోటు చాలక! నేను ఆ మాట చదివి పేపరు కత్తిరించి పెట్టుకున్నాను. బ్యాటరీ కూడా ఊపిరి పీలుస్తుందండీ, ఛార్జి ఎక్కితే కాస్త ఉబ్బుతుంది, దిగితే తగ్గుతుంది, వయసు మీదపడ్డ కొద్దీ ఇంకాస్త ఉబ్బుతుంది. దానికి నాలుగు వైపులా జాగా వదలాలి. సన్న ఫోనులో ముందు తెగ్గోసేది ఆ జాగానే.

నేను సన్నదనానికి పగవాణ్ణి అనుకోకండి. మడత ఫోన్లున్నాయి చూడండి, వాటికి సన్నం కావాలి. రెండు పలకలు మడిస్తే రెట్టింపు కదా. మొదటి శామ్‌సంగ్ ఫోల్డ్ 2019లో 276 గ్రాములు, మడిస్తే కీలు దగ్గర 17 మిల్లీమీటర్లు, జేబులో పెడితే ఇటుకే. 2025లో వచ్చిన ఫోల్డ్ 7 మడిస్తే 8.9, బరువు 215. బ్యాటరీ ముందటి ఏడాది మోడల్‌కి ఎంతో దీనికీ అంతే, తగ్గించలేదు. అది పనితనమంటే. దానికి నేను దండం పెడతా.

ఇంకొకటి, సిలికాన్ కార్బన్ బ్యాటరీ. 2023 నుంచి చైనా ఫోన్లలో వస్తోంది. మామూలు బ్యాటరీలో గ్రాఫైట్ ఉంటుంది. గ్రాముకి అది పట్టేది 372 ఎంఏహెచ్. సిలికాన్ దాదాపు పదింతలు పడుతుంది. మరి అంతా సిలికానే పెట్టొచ్చు కదా? ఛార్జి ఎక్కితే అది మూడింతలకి పైగా ఉబ్బుతుంది, నలిగి పొడైపోతుంది. అందుకని కార్బన్‌తో కలిపి కొద్దికొద్దిగా వేస్తున్నారు. దానివల్ల 8 మిల్లీమీటర్ల ఫోనులోనే 6000, 7000 వస్తున్నాయి. ఇక్కడే కంపెనీలు రెండు దారులు పట్టాయి. కొందరు వచ్చిన లాభాన్ని బ్యాటరీకి ఇచ్చారు, కొందరు దాన్ని కోసేసి ఫోనుని సన్నం చేశారు. నన్నడిగితే మొదటివాళ్లు మన ఊళ్లు తెలిసినవాళ్లు.

యూరప్‌లో 2027 ఫిబ్రవరి నుంచి బ్యాటరీని కొన్నవాళ్లే మామూలు పనిముట్లతో మార్చుకునేట్టు ఉండాలని చట్టం చేశారు. మినహాయింపులున్నాయిలెండి, ఎక్కువకాలం మన్నేదీ నీళ్లు చొరబడనిదీ అయితే వదిలేస్తారట. మా వీధిలో కుర్రాళ్లు అడుగుతున్నారు, “అన్నా, అట్లయితే మన పని పోతుందా?” అని. పోదురా, డిస్‌ప్లేలు పగలడం ఆగదు అని చెప్పాను. (నవ్వులు) ఇక్కడికి నలభై కిలోమీటర్లలో శ్రీపెరుంబుదూరు. 2006లో నోకియా ఫ్యాక్టరీ తెరిచిందీ, 2014లో మూసిందీ అక్కడే. ఇప్పుడు ఐఫోన్లు బిగించేదీ ఆ చుట్టుపక్కలే. గూడూరు, నాయుడుపేట వైపు పిల్లలు కూడా ఆ లైన్లలో పనిచేశారు. గోటితో ఊడే ఫోనూ, గమ్‌తో అతికే ఫోనూ రెండూ ఒకే మట్టిమీద తయారయ్యాయి.

ఏంటి మాస్టారూ? టైమా? సరే. వెనక పెద్దాయన ఏదో అడుగుతున్నారు.

(సభలోంచి: “అయితే ఏది కొనమంటావయ్యా?”)

పేరు చెప్పను సార్, చెబితే రేపు అందరూ నా కొట్టుమీదికి వస్తారు. కొనే ముందు ఒక పని చేయండి. షోరూములో రెండు నిమిషాలు పట్టుకుంటే ఏమీ తెలీదు, పైగా అక్కడ దొంగలెత్తుకుపోకుండా తాడు కట్టి ఉంటారు. ఆ ఫోనే ఎవరో చుట్టాల దగ్గర ఉంటుంది కదా. వాళ్ల పౌచ్‌తోసహా అడిగి తీసుకుని, రాత్రి మంచంమీద పడుకుని, ఒంటిచేత్తో పదిహేను నిమిషాలు పేపరు చదవండి. చిటికెన వేలు చెబుతుంది. తర్వాత నాలాంటివాణ్ణి అడగండి, దీని బ్యాటరీ మార్చడానికి ఎంతవుతుంది, ఎంతసేపు పడుతుంది అని. అరగంటలో అయిపోతుందంటే సరే. వాడు తలగోక్కున్నాడంటే ఆలోచించండి.

(సభలోంచి: “నీ ఫోను చూపించు!”)

నాదా? ఇదిగో. 9 మిల్లీమీటర్లు, వెనక ప్లాస్టిక్, ఈ మూల కాస్త గీసుకుపోయింది. కాటా మీద పెడతా. 192. పౌచ్ లేదు. మా ఆవిడకి నచ్చదు.

సరే, కాటా ఇచ్చేయాలి, ఏడున్నరయింది. నీలం చొక్కా అబ్బాయ్, ఇదిగో నీ ఫోను. చూసుకో, నేనేమీ చేయలేదు. ఆగాగు, పౌచ్ వేసుకునే పో నాయనా, మెట్ల మీద జనం ఉన్నారు.